"కులం పేరు ఎత్తలేదు కదమ్మా"



ఈ వారం మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన తొలి దళిత పత్రికల గురించి రాస్తానని చెప్పాను. దాన్ని ఒక వారం వెనక్కి జరుపుతున్నాను. మా కాలేజీలో ఒక చిన్న విషయం జరిగింది, దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. ముందు అది చెప్పేస్తే గానీ నాకు వేరే పని సాగేలా లేదు.

వార్షికోత్సవానికి పిల్లలు రెండు స్కిట్లు వేశారు. కల్చరల్ కమిటీలో నేనూ ఉన్నాను. తెలుగు లెక్చరర్ అంటే స్కిట్లు, వ్యాఖ్యానం, వందన సమర్పణ అన్నీ మన నెత్తినే కదా. మొదటి స్కిట్‌లో హీరో ఒక మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికుడు. మొహానికి నల్లరంగు, చేతిలో సీసా, ముద్దముద్దగా మాట. ఆయన దగ్గరికి ఎవరొచ్చినా ముక్కు మూసుకుంటారు. ఉన్న జోకల్లా అదే. ముక్కు మూసుకున్న ప్రతిసారీ హాలు హాలంతా ఊగిపోయింది. ఫస్ట్ ప్రైజ్ దానికే వచ్చింది. రెండో దాంట్లో బి.ఏ. రెండో సంవత్సరం కుర్రాడొకడు పెళ్లి పురోహితుడి వేషం కట్టాడు. మంత్రం మధ్యలో ఫోన్ మోగితే మాట్లాడతాడు, ఇంకో పెళ్లికి టైమైపోతోందని మూడు ముళ్లూ గబగబా వేయిస్తాడు. నవ్వులు దీనికీ వచ్చాయి.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి పిలుపొచ్చింది. పురోహితుడి స్కిట్ వల్ల మనోభావాలు దెబ్బతిన్నాయని ఫోన్లు వచ్చాయట. కుర్రాడు క్షమాపణ పత్రం రాసివ్వాలి, ఇన్‌ఛార్జ్‌గా కింద నేను సంతకం పెట్టాలి. "మరి మొదటి స్కిట్ సంగతేంటి సార్?" అని అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అందులో ఎవర్నీ ఏమీ అనలేదు కదమ్మా. కులం పేరు ఎక్కడైనా ఎత్తారా?" అన్నారు.

ఎత్తలేదు. ఆ మాట నిజం. ఈ వ్యాసం ఆ నిజం గురించే.

మన దేశంలో హాస్యం మీద ప్రత్యేకంగా వచ్చిన మొదటి పెద్ద చట్టం ఎవరి కోసం వచ్చిందో చూడండి. 1875 చివర్లో వేల్స్ యువరాజు, అంటే తర్వాతి ఏడవ ఎడ్వర్డు, కలకత్తా వచ్చాడు. జగదానంద ముఖర్జీ అనే పేరున్న వకీలు ఆయన్ను తన ఇంటి అంతఃపురంలోకి తీసుకెళ్లి ఆడవాళ్ల చేత స్వాగతం చెప్పించాడు. ఊరు ఊరంతా నవ్వుకుంది. గ్రేట్ నేషనల్ థియేటర్ వాళ్లు 1876 ఫిబ్రవరిలో దీని మీద "గజదానంద" అని ప్రహసనం వేశారు. పోలీసులు ఆపితే పేరు మార్చి మళ్లీ వేశారు. పోలీస్ కమిషనర్ ఇంటిపేరు హాగ్, సూపరింటెండెంట్ ఇంటిపేరు ల్యాంబ్. ఇంగ్లీషులో వినిపించేది పంది, గొర్రెపిల్ల అని. దొరికిందే చాలనుకుని వాళ్లిద్దరి మీద ఇంకో ప్రహసనం కట్టారు. ఆ నెలాఖరుకే వైస్రాయి నార్త్‌బ్రూక్ ఆర్డినెన్స్ తెచ్చాడు. డిసెంబరు కల్లా అది నాటక ప్రదర్శనల చట్టమైంది. ఈ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక కూడా పుస్తకాల్లో అలాగే ఉండి 2018లో గానీ పూర్తిగా రద్దు కాలేదు.

ఒక యువరాజు, ఒక పెద్దమనిషి, ఇద్దరు పోలీసు అధికారులు నొచ్చుకుంటే చట్టం రావడానికి పట్టిన సమయం కొన్ని వారాలు.

అదే రోజుల్లో మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఏం జరుగుతోంది? 1868లో కెప్టెన్ కార్ అనే సైనికాధికారి తెలుగు సామెతల్ని పోగుచేసి, ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేశాడు. మంచి పనే. నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు ఆ పుస్తకంతో నాకు చాలా అవసరం పడింది. కానీ అందులో మా కులాల మీద ఉన్న సామెతల్ని ఈ రోజు క్లాసులో పైకి చదవాలంటే నాకు నోరు రాదు. తప్పు కార్‌ది కాదు, అతను విన్నది రాసుకున్నాడు. జనం నోట్లో ఆ మాట "లోకోక్తి"గా, అంటే లోకం చెప్పే మాటగా చలామణీ అయింది. కమిషనర్ హాగ్ మీద జోకు రాజద్రోహం అయిన దేశంలో మాల మాదిగల మీద జోకు లోకజ్ఞానం.

తర్వాతి చట్టాల వరస కూడా గమనించండి. మతపరమైన మనోభావాల్ని మాటతో గాయపరచడం 1860 శిక్షాస్మృతిలోనే, 298వ సెక్షన్‌లో నేరం. అది చాలదన్నట్టు 1927లో 295-ఎ వచ్చింది. లాహోరులో "రంగీలా రసూల్" అనే కరపత్రాన్ని వేసిన ప్రచురణకర్తను హైకోర్టు వదిలేసింది, దాంతో గొడవ లేచి ఈ సెక్షన్ పుట్టింది. ఆ ప్రచురణకర్తను 1929లో పొడిచి చంపారు. అంటే చట్టమూ వచ్చింది, హత్యా ఆగలేదు.

మరి మనుషుల్ని కులం పేరుతో అవమానించడం ఎప్పుడు నేరమైంది? రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. అందులో గుడి ఉంది, బావి ఉంది, హోటలు ఉంది, మంగలి షాపు ఉంది. "అవమానించడం" అన్న మాట అందులోకి చేరింది 1976 సవరణతో, ఆ చట్టం పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకున్నప్పుడు. యువరాజు అవమానానికి చట్టం వచ్చిన సరిగ్గా 100 ఏళ్లకు! ఆ తర్వాత కారంచేడు జరిగింది. 1985 జూలై 17. ఆ నెత్తురు మీద, దేశంలో అలాంటివే ఇంకెన్నో ఊళ్ల నెత్తురు మీద 1989 అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. "ప్రజలకు కనిపించే చోట" అవమానిస్తే నేరం అని అందులో రాశారు. కులం పేరుతో దూషించడాన్ని విడిగా పేరు పెట్టి చెప్పడానికి 2015 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

చట్టం కులం పేరు వెతుకుతుంది. హాస్యం కులం పేరు ఎత్తడం మానేసింది. ఇప్పుడు టీవీ కామెడీలో మాల అనరు, మాదిగ అనరు. "లేబర్ బ్యాచ్" అంటారు. "అలగా జనం" అంటారు. "కోటా కేండిడేట్" అంటారు. నల్లటి అమ్మాయిని నిలబెట్టి కరెంటు పోయిందా అంటారు. యాస పెడతారు, సీసా పెడతారు, ముక్కు మూసుకుంటారు. అందరికీ అర్థమవుతుంది. అర్థం కాకపోతే నవ్వరు కదా. నవ్విన ప్రతివాడికీ ఆ పాత్ర ఏ పేట నుంచి వచ్చాడో తెలుసు. తెలియనిది ఎఫ్.ఐ.ఆర్.కి ఒక్కదానికే.

ఇక కులం పేరే అయి ఉండి, కులం పేరని ఎవరూ అనుకోని మాట ఒకటుంది. "చండాలం." వంటల ప్రోగ్రాంలో ఉప్పెక్కువైతే చండాలం, డాన్స్ షోలో స్టెప్పు తప్పితే చండాలం, డ్రెస్ బాగోకపోతే చండాలం. ప్రతి సాయంత్రం ఏదో ఒక ఛానెల్లో వినిపిస్తుంది, ఎక్కడా బీప్ పడదు. చండాలుడు ఎవరు? మనుస్మృతి పదో అధ్యాయం చెప్పేదాన్ని బట్టి శూద్ర పురుషుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడు. ఊరి బయట బతకాలి. శవాల మీది బట్టలు కట్టాలి. పగిలిన కుండల్లో తినాలి. ఆస్తి అంటే కుక్కలు, గాడిదలు. ఆ మనిషి పేరు చెడిపోయిన సాంబారుకు విశేషణంగా ఎలా మారిందో ఆలోచించండి. మనిషి పేరును చెత్తకు పెట్టి, చెత్త అన్న అర్థమే మిగిల్చి, మనిషిని మర్చిపోయారు.

ఇక్కడ నా ఇల్లు కూడా చెప్పాలి. మా నాయనమ్మ కోపమొస్తే "చండాలపు బతుకు" అనేది. మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఎమ్మే చదివేదాకా అన్నాను. తిట్టు తయారుచేసినవాడికే కాదు, తిట్టు తిన్నవాడి నోటికి కూడా అలవాటవుతుంది. కాబట్టి ఆ మాట అన్న యాంకర్ మీద కేసు పెట్టమని నేను చెప్పట్లేదు. అమ్మ మీద పెట్టలేను కదా.

ఇంగ్లీషులోనూ ఇదే కథ. "పరియా" అన్న మాట పరై అనే డప్పు కొట్టే తమిళ కులం పేరు. ఇప్పుడు ప్రపంచ దేశాలు దూరం పెట్టిన దేశాన్ని ఇంగ్లీషు న్యూస్ ఛానెళ్లు "పరియా స్టేట్" అంటాయి. 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో పంచమ మహాసభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. 1922లో ఎం.సి. రాజా మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టి పరయ, పంచమ మాటలు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని వాడాలన్నారు. ప్రభుత్వం ఒప్పుకుంది. అంటే మద్రాసు రికార్డుల్లోంచి 100 ఏళ్ల కిందట పోయిన మాట లండన్ వార్తల్లోంచి ఈ రోజుకీ పోలేదు. పేరు మార్చుకోవడం మన పెద్దలకు ఏదో సోకు అనుకునేవాళ్లు ఇది ఒక్కసారి ఆలోచించాలి. వాళ్లు అప్పుడే భాష మీద పోరాటం చేశారు.

టీవీ వాళ్లకు నియమాలు లేవా అంటే ఉన్నాయి. 1994 కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో ఆరో నిబంధన ప్రోగ్రామ్ కోడ్. స్టూడెంట్స్ ఒకసారి తీసి చదవండి, రెండు పేజీలే. మిత్రదేశాల్ని విమర్శించకూడదు. మతాల మీద, సముదాయాల మీద దాడి చేయకూడదు. రాష్ట్రపతిని, న్యాయవ్యవస్థను శంకించకూడదు. స్త్రీలను, పిల్లల్ని కించపరచకూడదు. జాతి, భాష, ప్రాంతం పేరుతో కొన్ని సమూహాల్ని వెక్కిరింతగా, చులకనగా చూపించకూడదు. చాలా మంచి జాబితా. ఇందులో "కులం" అన్న మాట పేరు పెట్టి లేదు. సముదాయం అన్నదాంట్లో వస్తుందిలే అని లాయరు మిత్రులు చెప్తారు. రావచ్చు. కానీ మిత్రదేశాన్ని పేరు పెట్టి కాపాడిన కలానికి కులం దగ్గరికొచ్చేసరికి పేరు ఎందుకు గుర్తు రాలేదు?

ఇలాంటి జాబితా అమెరికాలో కూడా ఒకటుంది. 1973లో న్యూయార్కు రేడియోలో జార్జ్ కార్లిన్ అనే కమెడియన్ రికార్డు వేశారు. ప్రసారంలో పలకకూడని బూతుల గురించి ఆయన చేసిన హాస్యం అది. ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1978లో 5-4 మెజారిటీతో రేడియో స్టేషన్ ఓడిపోయింది. కార్లిన్ అంతకుముందు నుంచీ చెప్తున్న ఏడు మాటలూ శరీరానికి, సెక్సుకు, మలమూత్రాలకు సంబంధించినవే. నల్లవాళ్లను తిట్టే మాట ఒక్కటి కూడా ఆ ఏడింట్లో లేదు. గాలి తరంగాల మీద అసభ్యం అంటే శరీరం. జాత్యహంకారం అసభ్యం కాదు.

కాదు అనడానికి సాక్ష్యం 1928లోనే ఉంది. "ఏమస్ అండ్ ఆండీ" అనే రేడియో కామెడీ ఆ ఏడాది షికాగోలో మొదలైంది. ఇద్దరు తెల్లవాళ్లు నల్లవాళ్లలా గొంతు మార్చి మాట్లాడేవారు. దేశం మొత్తం ఆ టైముకు పనులాపి రేడియో దగ్గర కూర్చునేది. 1931లో పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లవాళ్ల పత్రిక ఆ ప్రోగ్రాం ఆపాలని సంతకాల ఉద్యమం చేసింది. లక్షల సంతకాలు వచ్చాయి. రేడియో కమిషన్ కదల్లేదు. 1951లో అది టీవీకెక్కింది. ఈసారి నల్ల నటులతో. ఎన్.ఏ.ఏ.సి.పి. నిరసన తెలిపింది. 1953లో కొత్త ఎపిసోడ్లు ఆగాయి గానీ పాతవి తిప్పితిప్పి వేస్తూనే ఉన్నారు. సి.బి.ఎస్. వాటిని పూర్తిగా వెనక్కి తీసుకుంది 1966లో. పాత్రికేయులు, పాస్టర్లు, అమ్మలు, నాన్నలు 35 ఏళ్లు అడిగితే! కార్లిన్ విషయంలో అడిగింది ఒక్క తండ్రి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

2020లో క్రికెటర్ యువరాజ్ సింగ్ ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో రోహిత్ శర్మతో సరదాగా మాట్లాడుతూ ఇంకో ఆటగాణ్ణి వెక్కిరించడానికి పారిశుధ్య కులం పేరు వాడాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. విమర్శ వచ్చాక విచారం ప్రకటించాడు. 2021 మేలో టీవీ నటి మున్‌మున్ దత్తా మేకప్ గురించి చెప్తూ, తాను ఆ కులంలా కనపడదలచుకోలేదని అదే పేరు వాడింది. భాష సరిగ్గా తెలియక అన్నానని క్షమాపణ చెప్పింది. అదే నెలలో యువికా చౌదరి అనే నటి, మళ్లీ అదే మాట, మళ్లీ తెలియదన్న జవాబు. అంతకు ముందు సల్మాన్ ఖాన్, శిల్పా శెట్టి టీవీలో వాడిందీ అదే మాట. ఎలా కనిపించకూడదో మాత్రం అందరికీ కచ్చితంగా తెలుసు, మాటకు అర్థమే ఎవరికీ తెలియదు.

అదే 2021 మేలో రణదీప్ హుడా పాత వీడియో బయటికొచ్చింది. తొమ్మిదేళ్ల కిందట ఒక వేదిక మీద మాయావతి రూపం గురించి "డర్టీ జోక్" అని చెప్పి మరీ వేసింది. సభ నవ్వింది. నాలుగుసార్లు ముఖ్యమంత్రి అయిన స్త్రీ మీద వేసిన ఆ జోకులో ఆమె పాలన గురించి, అవినీతి ఆరోపణల గురించి, విగ్రహాల గురించి ఒక్క మాట లేదు. ఉన్నదల్లా ఆమె ఒంటి మీద అసహ్యం. వలస జంతువుల సంరక్షణ కోసం ఐక్యరాజ్య సమితి ఒప్పందం కింద ఉన్న రాయబారి పదవి నుంచి అతన్ని తప్పించారు. మన దేశంలో అతన్ని ఎవరూ ఏ పదవి నుంచీ తప్పించినట్టు నాకు గుర్తు లేదు. అప్పుడే అబీష్ మాథ్యూ అనే కమెడియన్ 2012లో మాయావతి మీద వేసిన ట్వీట్ బయటపడింది. అతనూ క్షమాపణ చెప్పాడు. తొమ్మిదేళ్లు ఆ వీడియో, ఆ ట్వీట్ అక్కడే ఉన్నాయి, ఎవరి మనోభావమూ దెబ్బతినలేదు.

ఆ ఏడాది జనవరి 1న ఇండోర్‌లో మునవర్ ఫారూఖీని అరెస్టు చేశారు. ఒక ఎమ్మెల్యే కొడుకు ఫిర్యాదు చేశాడు. దేవతల మీద జోకు వేశాడని ఆరోపణ. అతను ఆ రోజు అలాంటి జోకు వేసినట్టు వీడియో సాక్ష్యం లేదని స్టేషన్ అధికారే పత్రికలకు చెప్పాడు. హైకోర్టు బెయిల్ ఇవ్వలేదు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు ఇచ్చింది, విడుదలయ్యేసరికి మర్నాడు అర్ధరాత్రి. వేయని జోకుకు ఐదు వారాలు జైలు. మునవర్ పేరు దేశమంతా విన్నది. అతనితోపాటు పట్టుకెళ్లిన నళిన్ యాదవ్ అనే స్థానిక కుర్రాడి పేరు మీలో ఎంతమందికి తెలుసు? అతను ఫిబ్రవరి చివరికి గానీ బయటికి రాలేదు. తర్వాత స్టేజీ ఇచ్చేవాళ్లు లేక ఫ్యాక్టరీలో కూలి పనికి పోయాడు.

మన హైదరాబాదు సంగతి ఇంకా దగ్గరిది. 2018 జూలై. కత్తి మహేష్, సినిమా విమర్శకుడు, మనవాడు, టీవీ చర్చలో రాముడి గురించి ఒక తిట్టు మాట అన్నాడు. ఆ మాట బాగోలేదు. నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. జూలై 9న పోలీసులు అతన్ని ఆరు నెలలు నగర బహిష్కరణ చేసి సొంత జిల్లా చిత్తూరుకు పంపేశారు. వాడింది 1980 నాటి సంఘ వ్యతిరేక, ప్రమాదకర కార్యకలాపాల నిరోధక చట్టం. రెండు రోజులకు స్వామి పరిపూర్ణానందను కూడా బహిష్కరించారు. రెండు వైపులా సమానంగా చూశామన్నట్టు. పైకి తక్కెడ సరిగ్గానే ఉంది. పరిపూర్ణానంద మీది ఉత్తర్వును హైకోర్టు నిలిపేసింది, సెప్టెంబరులో ఆయన ఊరేగింపుగా నగరంలోకి తిరిగొచ్చాడు, అక్టోబరులో ఒక జాతీయ పార్టీలో చేరాడు. మహేష్‌ను 2020 ఆగస్టులో ఒక ఫేస్‌బుక్ పోస్టుకు మళ్లీ అరెస్టు చేశారు. 2021 జూలై 10న, కారు ప్రమాదంలో తగిలిన గాయాలతో చనిపోయాడు.

ఆ బహిష్కరణకు ముందు నెలల తరబడి మహేష్‌ను ఒక సినిమా హీరో అభిమానులు సోషల్ మీడియాలో ఎలా తిట్టారో చూసినవాళ్లం మనం. కులం పేరు ఎత్తే తిట్టారు, ఎత్తకుండానూ తిట్టారు. ఛానెళ్లు ఆ తిట్లు తిన్న మనిషిని రోజూ స్టూడియోకి పిలిచి, ఫోన్ లైన్లు తెరిచి, అదే తిట్లను లైవ్‌లో తినిపించాయి. దాన్ని డిబేట్ అన్నారు. ఆ ఫోన్లు చేసినవాళ్లలో ఊరు విడిచిపోయినవాడు ఒక్కడు కూడా లేడు.

వేరే కులాల వాళ్లు ఏం చేస్తారో కూడా చూడండి. 2012లో "దేనికైనా రెడీ" సినిమా మీద బ్రాహ్మణ సంఘాలు రోడ్డెక్కాయి. 2017లో "డీజే" సినిమా పాటలో రెండు మూడు మాటలు అభ్యంతరకరమంటే మాటలు మార్చారు. 2014లో ఒక స్కిట్ తమను కించపరిచిందని గౌడ కులస్తులు జబర్దస్త్ నటుడు వేణు మీద దాడి చేశారు. దాడిని నేను సమర్థించను. కానీ టీవీ వాళ్లు అందులోంచి నేర్చుకున్న పాఠం ఏంటి? కొట్టగలిగినవాడి జోలికి పోకు, ఫోన్ చేయగలిగినవాడి జోలికి పోకు. మిగిలింది ఎవరు? చీపురు పట్టినవాడు, డప్పు పట్టినవాడు, రంగు తక్కువ అమ్మాయి.

కోర్టుకు పోవచ్చు కదా అంటారు. 2024 ఆగస్టు 23న సుప్రీంకోర్టు షాజన్ స్కరియా కేసులో తీర్పు చెప్పింది. కేరళలో ఒక యూట్యూబ్ ఛానెల్ సంపాదకుడు ఎస్సీ శాసనసభ్యుడి మీద పరువు తీసేలా వీడియో చేశాడు, అత్యాచారాల చట్టం కింద కేసు పడింది. కోర్టు ముందస్తు బెయిల్ ఇస్తూ చెప్పింది ఇది: బాధితుడు ఎస్సీ అయినంత మాత్రాన చాలదు, అతను ఎస్సీ కాబట్టే అవమానించాలన్న ఉద్దేశం ఉండాలి. న్యాయసూత్రంగా చూస్తే కాదనడం కష్టం. దళిత ఎమ్మెల్యేను విమర్శించడమే నేరం కాకూడదు, మహేష్ లాంటివాళ్లకు కూడా ఆ స్వేచ్ఛ అవసరం. కానీ ఉద్దేశాన్ని ఇంత జాగ్రత్తగా జల్లెడ పట్టే చూపు దేవుడి మీద జోకు వచ్చినప్పుడు ఇండోర్ స్టేషన్‌లో ఎందుకు లేదు? 295-ఎ లో కూడా "ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో" అన్న మాటలు స్పష్టంగా ఉండేవి. అక్కడ ఉద్దేశాన్ని జైలుకు పంపాక వెతుకుతారు. ఇక్కడ ముందే వెతుకుతారు.

నేను అడుగుతున్నది మునవర్‌ను పెట్టినట్టే మున్‌మున్‌ను కూడా జైల్లో పెట్టమని కాదు. సెలబ్రిటీ మీద కేసు పడగానే మనకు గెలిచినట్టు ఉంటుంది, నాలుగు రోజులు పోస్టులు పెడతాం. అదే వారంలో ఏ ఊళ్లోనో పొలం గట్టు మీద తిట్లు తిన్న మనిషి స్టేషన్ బయట అరుగు మీద కూర్చుని ఉంటాడు, అతని ఫిర్యాదు తీసుకోరు. కెమెరా ముందు అన్నమాటకే "ప్రజలకు కనిపించే చోటు" అన్న అర్థం మిగిలిపోతోందేమోనని నా భయం.

మనల్ని మనమూ వదలకూడదు. మన గ్రూపుల్లో ప్రత్యర్థి పార్టీ మహిళా నాయకురాలి గురించి వచ్చే మీమ్స్ చూశారా? మాయావతి ఒంటి మీద జోకుకు రగిలిపోయిన తమ్ముళ్లే ఇంకో స్త్రీ ఒంటి మీద జోకును ఫార్వర్డ్ చేస్తారు. అడిగితే "వాళ్లు చేయలేదా అక్కా" అంటారు. మనది నవ్వు తెలిసిన సంప్రదాయం తమ్ముళ్లూ. చిందు వాళ్ల జాంబపురాణం ఒకసారి చూడండి. జాంబవుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు, వెక్కిరిస్తాడు, ఊరు ఊరంతా, పెద్ద కులాల వాళ్లతో సహా, కూర్చుని నవ్వుతుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క మాట్లాడే బూతు ఈ రోజు ఏ ఛానెల్లోనూ పోదు. కానీ కేతిగాడు చీపురు పట్టినవాణ్ణి చూసి ముక్కు మూసుకోడు. ఊరి పెత్తందారు మీదికి పోతాడు. అందుకే ఆ ఆట కట్టినవాళ్లకు గింజలు కొలిచేటప్పుడు కొందరి చేయి వణికేది.

క్షమాపణ పత్రం దగ్గరికి వస్తాను. కుర్రాడు స్టాఫ్ రూమ్‌లో నా ఎదురుగా కూర్చుని రాశాడు. సగం రాసి తలెత్తి, "మేడమ్, 'ఎవరి మనోభావాలు' అన్న చోట ఏం రాయమంటారు?" అన్నాడు. వాడు ఎస్సీ హాస్టల్ కుర్రాడు, స్కాలర్‌షిప్ మీద చదువుతున్నాడు, టి.సి. మీద ఎర్ర గీత పడితే వాడి చదువు ఆగుతుంది. "కొందరి" అని రాయమన్నాను. సంతకం పెట్టాను. అవును, పెట్టాను.

ఆ సాయంత్రం వరండా ఊడుస్తున్న అక్కను అడిగాను, ఆ రోజు ఫంక్షన్ అయిపోయాక హాలు ఊడవాలి కాబట్టి తను తలుపు పక్కన నిలబడి రెండు స్కిట్లూ చూసింది. కాంట్రాక్టు మీద ఆరేళ్లుగా పనిచేస్తోంది.

"మొదటి నాటకం ఎలా ఉందక్కా?"

"బాగా చేశారమ్మా పిల్లలు. ముక్కు మూసుకునేది మరీ. రోజూ చేసేదేగా, అలవాటు" అని చీపురు దులిపింది.

మొదటి స్కిట్ మీద నేనొక ఫిర్యాదు రాసి ఆఫీసులో ఇచ్చాను. కులం పేరు ఎత్తకుండానే రాశాను. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను. ఇవాళ్టికి 11 రోజులు. జవాబు రాలేదు.

వచ్చే ఆదివారం తొలి దళిత పత్రికలు.